మా తొమ్మిదో తరగతి బ్లాగూ, ఒక గులాబీ పువ్వూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవైమూడేళ్ల వయసు, కొత్తగా వచ్చిన బి.ఇడి. పట్టా, భుజాన వేలాడే గుడ్డసంచి, అందులో శిక్షణ తరగతుల్లో ఇచ్చిన కాగితాలు. ఆ తరగతుల్లో ఒకాయన చెప్పిన మాటను నేను కంఠతా పట్టేశాను. పిల్లలు రాయకపోవడానికి కారణం చదివేవాళ్లు లేకపోవడమేనట. పంతులమ్మ ఒక్కతే చదువుతుందంటే ఎవరికి రాయబుద్ధవుతుంది? అందుకని బ్లాగు పెట్టండి, వాళ్ల రాతలు లోకానికి చూపించండి, ఒకరి రాత మీద ఇంకొకరి చేత కామెంట్లు రాయించండి, ఆర్నెల్లలో మార్పు చూడండి అన్నాడాయన. ఆర్నెల్లు ఎందుకు, నాకు మూడు చాలనుకున్నాను. (ఇప్పుడు అదే తరగతుల్లో అదే మాట చెప్పే పని నాకు పడింది. నేను జాగ్రత్తకు ఏడాది అని చెప్తాను. వినేవాళ్లు ఫోన్లు చూసుకుంటూ తలలూపుతారు.)

పుట్టి పెరిగింది కర్నూలు టౌన్లో. మొదటి ఉద్యోగం మాత్రం వేంపల్లె దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో వచ్చింది. ఎర్రనేల, వేరుశనగ, బోర్లలో నీళ్లు పడినవాళ్లకు చీనీ, అంటే బత్తాయి తోటలు, పడనివాళ్లకు ఆకాశం. బడిలో ఒక కంప్యూటర్ గది ఉండేది. అందులో కంప్యూటర్లు వచ్చిన రోజు ఎట్లున్నాయో అట్లే ఉన్నాయి, ఎందుకంటే వాటిని ఎవరూ ముట్టుకోలేదు. మా హెడ్మాస్టరు ఆ గది తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటారని పిల్లలు చెప్పుకునేవాళ్లు. (అబద్ధం. చొక్కా జేబులోనే పెట్టుకునేవారు.) ఆయన్ని ఊరంతా పెద్దసారు అనేది. మంచి మనిషి, కానీ ప్రభుత్వం వారి వస్తువు ఏదైనా ముట్టుకుంటే అరిగిపోతుందని గట్టి నమ్మకం. "వాడితే పాడైపోతాయి గదమ్మా" అన్నారు. "వాడకపోయినా పాడైపోతాయి సార్" అన్నాను. "అప్పుడు మన తప్పు కాదు గదా" అన్నారు. దానికి నా కాగితాల్లో జవాబు లేదు. చివరికి, బ్లాగున్న బడి ఈ చుట్టుపక్కల మనదొక్కటే అవుతుంది సార్, పైవాళ్లు కూడా చూస్తారు, అన్నాక తాళం తీశారు. పైవాళ్లు అన్న మాట ఆయన మనసులో ఎంత లోతుగా దిగిందో నాకు తర్వాత తెలిసింది.

తొమ్మిదో తరగతికి శుక్రవారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు కలిపి ఇచ్చారు. మొదటి అంశం "మా ఊరు". పిల్లలు ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత ఒక్కో కంప్యూటరుకు ముగ్గురు చొప్పున కూచుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు కొట్టారు. నేను ఆ సాయంత్రం గదికి పోయి, టీ పెట్టుకుని, లోకానికి తొలిసారి దర్శనమివ్వబోయే ఆ ఊరి గురించి చదవడం మొదలుపెట్టాను. "మా ఊరు పచ్చని చెట్లతో కళకళలాడుతూ ఉంటుంది. ఊరి పక్కన గలగలా పారే ఏరు ఉంది. కొబ్బరి తోపుల్లో కోయిలలు కూస్తుంటాయి. ప్రజలు కలసిమెలసి జీవిస్తారు." రెండో పిల్లవాడి ఊరి పక్కన కూడా ఏరు గలగలా పారుతోంది. మూడో అమ్మాయికీ అంతే. తరగతి మొత్తానికీ అదే ఏరు, అదే తోపు, అవే కోయిలలు. నేను ఆ ఊరికి వచ్చినప్పటి నుంచీ ఒక్క బకెట్టు నీళ్లతో స్నానం చేస్తున్నదాన్ని, ఆ రోజు ఆ ఏరును ఎంత ఈర్ష్యగా చదివానో చెప్పలేను.

ఈ ఏరు పుట్టింది గైడులో. గైడు అంటే పుస్తకం కాదు, ఒక అమ్మాయి. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల, చర్చి సందులో అవ్వతో ఉండేది, వ్యాసాల గైడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నోటికి వచ్చు, అందుకని అందరూ దాన్ని గైడు అనేవాళ్లు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఏదైనా అడిగితే వ్యాసం చెప్తుంది. వర్షం గురించి అడిగితే "వర్షాకాలం" చెప్తుంది, ఆవు గురించి అడిగితే "గోమాత" చెప్తుంది. మిగతావాళ్లు అది చెప్పింది రాసుకుని ప్రశాంతంగా బతుకుతుండేవాళ్లు. "ఇందులో మీ సొంతం ఏముంది?" అని నేను అరిస్తే, లాయరు అని పేరు పడిన ఒక పిల్లవాడు లేచి, "పేరు మాది గదా మేడమ్, పైన రాసినాము" అన్నాడు. వాడు దేనికైనా వాదిస్తాడు, అందుకే ఆ పేరు.

కామెంట్ల సంగతి ఇంకా బాగుండేది. ప్రతి ఒక్కరూ ఇద్దరి పోస్టులు చదివి అభిప్రాయం రాయాలి అన్నాను. అందరూ రాశారు: "చాలా బాగుంది. సూపర్. మీ ఊరి ఏరు సూపర్." పెండ్లిలో చదివింపులు ఉంటాయి గదా, మనం పెట్టింది వాళ్లు మనింటి పెండ్లికి తిరిగి పెట్టాల, పెట్టకపోతే మాటలుండవు. పిల్లలు కామెంట్లను కూడా ఆ పద్ధతిలోకే తెచ్చేశారు. "వానికి నేను రెండు సూపర్లు పెట్టినా మేడమ్, వాడు నాకు ఒకటే పెట్టినాడు" అని ఒకడు ఏడుపు మొహంతో వచ్చాడు. నేను పంచాయితీ చేసి ఇంకో సూపర్ ఇప్పించాను. తర్వాత నాకే సిగ్గేసి, ఇకమీదట సూపర్ అన్న మాట వాడితే గోడ కుర్చీ, ప్రతి కామెంటులో ఒక ప్రశ్న ఉండి తీరాల, అని చాటింపు వేశాను. మరుసటి వారం అన్ని కామెంట్లలోనూ ప్రశ్నలు ఉన్నాయి. "మీరు బాగున్నారా? భోంచేసినారా?"

సరిగ్గా ఆ శుక్రవారమే, పిల్లలు గదిలో ఉండగానే, బ్లాగులోకి ఎవరో కొత్తవాళ్లు వచ్చారు. ఫోటో ఉండాల్సిన చోట ఒక ఎర్ర గులాబీ పువ్వు. పేరు ఉండాల్సిన చోట "మీ ఊరిదాన్నే". లాయరు పోస్టు కింద కామెంటు: "ఏ ఏరు నాయనా? మన ఊర్లో ఏరు యాడుండాది? నేనున్నన్నాళ్లూ బిందె ఎత్తుకోని ట్యాంకరు ఎనక పరిగెత్తినా. ఈ ఏరు నేను వచ్చేసినాంక పుట్టిందా? పుట్టింటే ఒక ఫోటో పెట్టండి, చూసి సంతోషపడతా." ఇంకో అమ్మాయి పోస్టు కింద: "కొబ్బరి తోపు ఎవురిది పాపా? రెడ్డోళ్లదా? వాళ్లకు చీనీ చెట్లే ఎండిపాయె గదా, కొబ్బరి యాడ పెట్టినారు?" ఇంకొకడి కింద: "కోయిల కూసిందని రాసినావు. ఎన్నడు కూసింది? మీ ఇంటెనక కూసేది మీ నాయన గదా." క్లాసంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. ఆ పిల్లవాడు మాత్రం నవ్వలేదు, వాళ్ల నాయన నిజంగానే గట్టిగా మాట్లాడతాడట.

లాయరుకు రోషం వచ్చింది. అప్పటికప్పుడు కూచుని జవాబు కొట్టాడు: "మీరెవరు? ఇది గైడులో ఉండాది." అటువైపు నుంచి నిమిషంలో వచ్చింది: "గైడు రాసినాయన మన ఊరికి ఎన్నడొచ్చినాడు? ఏ బస్సుకొచ్చినాడు? ఆ బస్సు మన ఊర్లో ఆపుతాడా?" లాయరు జీవితంలో మొదటిసారి వాదనలో ఓడిపోవడం ఆ రోజు చూశాను. వాడు చేతులు కీబోర్డు మీద పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి "ఎక్స్‌ప్రెస్ ఆపడు" అని రాసి ఊరుకున్నాడు. అది వాడు రాసిన మొట్టమొదటి సొంత వాక్యం.

మరుసటి సోమవారం పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేశారు. "ఎవురమ్మా ఈ గులాబీ పువ్వు?" అన్నారు గొంతు తగ్గించి. తెలీదన్నాను. "నాకు తెలుసు" అన్నారు. "పైనోల్లు. మారుపేరుతో తనిఖీ చేస్తాండారు. అడిగే పద్దతి చూడు, ఫోటో పెట్టమంటాది, ఎవురిది తోపు అంటాది, మామూలు మనుషులు అట్ల అడగరు." నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆపుకున్నాను. ఆ మధ్యాహ్నం కంప్యూటర్ గది కడిగించారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది, నన్ను పక్కన కూచోబెట్టుకుని, తాను చెప్తుండగా నా చేతనే కొట్టించి, బ్లాగులో ఒక కామెంటు పెట్టించారు. "గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారములు. తమరు లేవనెత్తిన ఏరు విషయము మా దృష్టికి వచ్చినది. విచారించి తగు చర్య తీసుకొనగలము." సార్, ఏరు మీద చర్య ఏం తీసుకుంటాం, అన్నాను. "అది తర్వాత సంగతి. ముందు జవాబు పోవాల" అన్నారు.

శుక్రవారం జవాబు వచ్చింది: "నమస్తే సార్. విచారించేదేముంది, మీ రూములో కిటికీ తెరిచి చూడండి సార్." పెద్దసారు నిజంగానే లేచి కిటికీ తెరిచారు. బయట బీడు, దాని మీద ఎండ. కాసేపు అట్లే చూసి, "మనల్ని బాగా ఎరిగినోల్లే" అని కిటికీ మూసేశారు.

ఇంక ఆ రోజు నుంచి మా తొమ్మిదో తరగతి ఆమెకు భయపడి రాయడం మొదలుపెట్టింది. కోయిల రాస్తే కోయిల ఎక్కడని అడుగుతుంది, అందుకని కాకిని రాశారు. ఏరు రాస్తే పరువు పోతుంది, అందుకని ట్యాంకరును రాశారు. లాయరు ట్యాంకరు మీద రాసిన పోస్టు ఇప్పటికీ నాకు గుర్తే. ట్యాంకరు మలుపు తిరిగేటప్పుడు వచ్చే చప్పుడు, మనుషుల కంటే ముందు వరసలో నిలబడే బిందెలు, ఒకరి బిందెను ఇంకొకరు కాలితో ఎనక్కి నెట్టి ఏమీ ఎరగనట్టు ఆకాశం చూసే తీరు, అన్నీ రాశాడు. నేను రాత్రింబవళ్లు అరిచినా రాని వాక్యాలు, ఒక గులాబీ పువ్వు వెటకారానికి వరసగా వచ్చేస్తున్నాయి. నేను ఈ ఘనత అంతా శిక్షణ కాగితాల ఖాతాలో వేసుకుని చాలా గర్వంగా తిరిగేదాన్ని. కానీ ఒక్కటి గమనించాను, ఆమె ప్రశ్నలు ఎక్కడ మొదలైనా చర్చి సందులోకే వచ్చి ఆగేవి. ట్యాంకరు పోస్టు కింద, "చర్చి సందులో అవ్వ ఇంకా బిందె మోస్తాండాదా? ఎవురన్నా సాయం పడతారా?" అని. వాన గురించి రాస్తే, "చర్చి సందులో ఇండ్లు కురుస్తాండాయా?" అని. అందరినీ దులిపేసే మనిషి, గైడు పోస్టు కింద మాత్రం ఎప్పుడూ ఒక్క మాట, అదీ మెత్తగా: "బాగ రాసినావు పాపా. ఇది పుస్తకంది. నీది రాయి."

గైడు ఆ కామెంటు చదివి, మొహంలో ఏమీ కనబడనీయకుండా, మరుసటి వారం మళ్లీ పుస్తకంలోదే దించేది. అందరూ కాకులూ ట్యాంకర్లూ రాస్తుంటే అది ఒక్కతే ఇంకా ఏటి ఒడ్డున ఉండిపోయింది. ఒకరోజు బడి వదిలాక లాయరును పట్టుకుని, గులాబీ పువ్వు ఎవరో కనుక్కోరా అన్నాను. వాడు నన్ను చూసిన చూపులో జాలి ఉంది. "మీకు తెల్దా మేడమ్? గైడు వాళ్లమ్మ. కువైట్‌లో ఉండాది. మా పిన్నమ్మ గూడా ఆడ్నే పని చేస్తాది, బ్లాగు లింకు పిన్నమ్మకు పంపింది నేనే. ఆడ శుక్రవారం సెలవు గదా, చర్చికి పోతారు, ప్రార్థన అయిపోయినాంక అందరూ కూచ్చోని మా పోస్టులు చదువుకుంటారంట." క్లాసంతటికీ తెలుసా అని అడిగాను. "మొదటి వారం తెల్దు మేడమ్. రెండో వారం నుంచి ఊరందరికీ తెల్సు." ఊరందరికీ అంటే నేనూ పెద్దసారూ తప్ప.

ఆ ఆదివారం చర్చి సందుకు పోయాను. అవ్వ నులకమంచం వాల్చి, "కూచ్చోమ్మా" అని మజ్జిగ ఇచ్చింది. గైడు నన్ను చూడగానే పుస్తకం తీసుకుని వెనకింటికి పోయింది. అవ్వ దగ్గర చిన్న ఫోను ఉంది, దాంట్లోనే కువైట్‌కు కలిపి ఇచ్చింది. అటువైపు గొంతు విని నేను తడబడ్డాను, ఎందుకంటే కామెంట్లు రాసే మనిషికి ఉండాల్సిన గొంతు కాదది, చాలా చిన్న గొంతు. "పిల్లోల్లను ఎక్కువ అంటాండానేమో, ఏమనుకోవద్దు మేడమ్" అంది ముందుగా. "నేనూ ఆ బడిలోనే పది చదివినా. వాళ్లు రాసేది చూస్తే ఊరు కనపడతాదని ఆశ. ఏరు కనపడితే కోపమొచ్చింది." ఆ తర్వాత చెప్పింది. భర్త పోయాక, బోరు ఎండిపోయాక, రెండేళ్ల కింద కువైట్‌కు పోయింది. తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు బిడ్డ నిద్రపోతుంటే లేపలేదు. "లేపింటే నేను పోలేకపోతాంటి మేడమ్. అది లేచి చూసుకునేటప్పటికి నేను కడప దాటినా. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. ఫోను ఇస్తే అవ్వకిచ్చేస్తాది. నాకు రాయకపోయినా పర్వాలేదు, దాని సొంతంది ఒక్క మాట రాస్తే సాలు. యేమన్నా కానీ. తిన్న్యా, పండుకున్న్యా అని రాసినా సాలు. మీరు రాయించండి మేడమ్."

నేను వారంలో రాయిస్తానని మాటిచ్చాను. ఇరవైమూడేళ్లు గదా. ఇంటికి పోయి ఆలోచించి, ప్రపంచంలో ఏ తెలివైన మనిషికీ రాని ఆలోచన ఒకటి పట్టుకొచ్చి, శుక్రవారం నాడు బోర్డు మీద "మా అమ్మ" అని అంశం రాశాను. క్లాసు మొత్తం తలలు దించుకుంది. లాయరు "మేడమ్" అని లేచి, ఏదో చెప్పబోయి, కూచున్నాడు. గైడు తడుముకోకుండా కొట్టింది: "అమ్మ ప్రత్యక్ష దైవం. అమ్మ లేనిదే సృష్టి లేదు. బిడ్డ ఏడిస్తే తల్లి మనసు తల్లడిల్లుతుంది. తల్లి రుణం తీర్చుకోలేనిది." ఒక్క తప్పు లేదు. దాని కింద ఆ రోజు గులాబీ పువ్వు ఏమీ రాయలేదు. ఎవరి పోస్టు కిందా రాయలేదు. పీరియడ్ అయ్యేదాకా పిల్లలు తెరలు మళ్లీ మళ్లీ తెరిచి చూస్తూనే ఉన్నారు. నేను ఆ సాయంత్రం గదికి పోయి అన్నం వండుకోలేదు. చేతులారా ఆ తల్లి గుండెలో గునపం దించినట్టు అనిపించింది.

దీంతో పెద్దసారుకు కూడా విషయం తెలిసిపోయింది. గులాబీ పువ్వు పైవాళ్లు కాదనీ, తాను ఎప్పుడో పదో తరగతిలో లెక్కలు చెప్పిన పిల్లేననీ తెలిసి ముందు ఊపిరి పీల్చుకున్నారు, ఆ వెంటనే "గౌరవనీయులైన" అని రాయించింది గుర్తొచ్చి మొహం మాడ్చుకున్నారు. "ఇది వాళ్ల ఇంటి సంగతమ్మా. మనం బడి నడుపుతాండామా, పంచాయితీ నడుపుతాండామా? ఆ పిల్ల మనసు కష్టపడితే జవాబు చెప్పేది నేను. వచ్చే శుక్రవారంతో కామెంట్లు మూసేయ్. పోస్టులు రాసుకోండి, సాలు" అన్నారు. ఆయన చెప్పింది తప్పని అనలేకపోయాను. ఇంక ఆమెకు మిగిలింది ఒకే ఒక శుక్రవారం.

ఆ మాట పిల్లలకు ఎవరు చెప్పారో, చెప్పేశారు. లాయరు ఆ సాయంత్రమే వాళ్ల పిన్నమ్మ ద్వారా కువైట్‌కు కబురు పంపాడు. "అందరినీ అడుగుతాండావు, నువ్వొక పోస్టు రాయి చూద్దాం, మేమడుగుతాం" అని. శుక్రవారం పీరియడ్ మొదలయ్యేసరికి గులాబీ పువ్వు రాత వచ్చి ఉంది, అన్ని పోస్టుల కంటే పొడుగ్గా. నేను దాన్ని బ్లాగులో పైన పెట్టాను. "మా ఇల్లు. రాసినవారు: మీ ఊరిదాన్నే. మా ఇంటి తలుపు చర్చికి ఎదురుగా ఉంటాది. నీలం రంగు తలుపు. తలుపెనక మేకుకు మా పాప బడిసంచి తగిలించి ఉంటాది. మా ఎర్రకోడి ఆ సంచి కిందనే గుడ్లు పెడతాది. మా పాపకు చీకటంటే భయం, రాత్రిపూట బయటికి పోవాలంటే నా కొంగు పట్టుకోని వస్తాది. వంకాయ పెడితే తినదు, పళ్లెంలో పక్కకు పెడతాది. పొద్దన్నే రెండు జడలు ఏసి ఎర్ర రిబ్బను కట్టాల, ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటే ఒప్పుకోదు, మళ్లా ఏపిచ్చుకుంటాది." ఇట్లా ఇంకా ఉంది. పిల్లలు పైకి చదవడం మొదలుపెట్టి, సగంలో గొంతులు తగ్గించేశారు. చివరి కంప్యూటర్ దగ్గర గైడు చదువుతోంది. అది ఎప్పుడూ గబగబా చదివే పిల్ల. ఆ రోజు చాలాసేపు చదివింది.

తర్వాత కీబోర్డు దగ్గరకు లాక్కుంది. పక్కన కూచున్న ఇద్దరు అమ్మాయిలూ ఎవరూ చెప్పకుండానే లేచి దూరం పోయి నిలబడ్డారు. నేను కూడా కిటికీ వైపు తిరిగి, ఏవో కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. పెద్దసారు కామెంట్లు మూశామో లేదో చూడ్డానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గదిలో ఫ్యాను చప్పుడూ, ఒక్కొక్కటిగా పడే మీటల చప్పుడూ తప్ప ఏమీ లేదు. లాయరు కంప్యూటరులో ముందుగా కనిపించింది. "వచ్చింది మేడమ్" అన్నాడు, వాడికి కూడా గొంతు తగ్గించడం వచ్చని అప్పుడే తెలిసింది.

"ఇందులో తప్పులు శానా ఉండాయి. తలుపు నీలం కాదు, పోయిన క్రిస్మస్‌కు పచ్చరంగు ఏసినాం. కోడి లేదు, కుక్క పట్టుకపాయె. వంకాయ తింటాండా. అవ్వకు చేతులు నొప్పి, రెండు జడలు ఏయలేదు, నేనే ఒక జడ ఏసుకుంటాండా. చీకటంటే భయం ల్యాదు. రాత్రిపూట అవ్వకు తోడు పోయేది నేనే. నువ్వు ఎన్నడో చూసింది రాసినావు. నన్ను ఎందుకు లేపలేదు? సంచి నేను మోసుకోని బస్సు కాడికి వస్తాంటి గదా."

మా పిల్లలు కన్నీళ్లు పెట్టుకునే రకం కాదు, లాయరు కళ్లు తుడుచుకుని ఫ్యాను దుమ్ము పడిందన్నాడు. గైడు తెర వైపే చూస్తూ కూచుంది. అందరం అటు నుంచి ఏం వస్తుందా అని చూస్తున్నాం. ఊరందరినీ ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసిన మనిషికి ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు కాబోలు, చాలాసేపు ఏమీ రాలేదు. ఆ తర్వాత ఒక చిన్న లైను వచ్చింది: "వంకాయ నిజంగా తింటాండావా?" గైడు కొట్టింది: "తింటాండా." అటునుంచి: "ఎవురు వండినారు?" ఇటునుంచి: "నేనే." అటునుంచి: "ఉప్పు సరిపోయిందా?" ఇటునుంచి: "ఒకసారి ఎక్కువైంది. ఒకసారి మాడింది. ఇప్పుడు బాగొస్తాండాది." అట్లా బెల్లు కొట్టేదాకా, బెల్లు కొట్టాక కూడా, వంకాయల గురించీ, జడ గురించీ, అవ్వ చేతులకు రాసే మందు గురించీ మా బ్లాగులో కామెంట్లు వస్తూనే ఉన్నాయి. మిగతా పిల్లలు సంచులు తగిలించుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయారు. పెద్దసారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నేను ఆయన దగ్గరకు పోయి, సార్ కామెంట్లు, అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆ పాప అయిపోయింది అన్నాక తాళమేసి చెవి ఇంటికి పంపించు" అని వెళ్లిపోయారు. కామెంట్లు మూసే మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ పై ఏడాదికి నాకు బదిలీ అయింది. గైడు వాళ్లమ్మ సెలవు మీద వచ్చిందని తర్వాత విన్నాను, నేను చూడలేదు, ఇప్పటికీ నాకు ఆమె మొహం తెలీదు. బ్లాగు పాస్‌వర్డు ఏమిటో లాయరుకు కూడా గుర్తులేదట. ఈమధ్య శిక్షణలో ఈ కథ చెప్తే, ఒక కుర్ర టీచరు చేయెత్తి, "ఆ అమ్మాయి కామెంటుకు మార్కులు వేశారా మేడమ్?" అని అడిగాడు. వేశాను. ఆ రాత్రి మిగతా అందరివీ దిద్దుతూ, దాన్ని కూడా ముందు పెట్టుకుని, భావ వ్యక్తీకరణ, వాక్య నిర్మాణం అన్నీ కొలిచి, పదికి తొమ్మిది వేశాను. కళ్లలోంచి నీళ్లు కారుతుండగానే వేశాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. అప్పటి నేను, ఆ ఇరవైమూడేళ్ల పిల్ల టీచరమ్మ, ఇప్పుడు ఎదురుపడితే తిట్టబుద్ధి కాదు నాకు. కూచోబెట్టి, టీ ఇచ్చి, చేతిలోని ఎర్రపెన్ను మెల్లిగా తీసుకుని పక్కన పెట్టి, మీ అమ్మకు ఫోన్ చేసి ఎన్నాళ్లయిందే అని అడగాలనిపిస్తుంది.